జిలాన్ బాషా సీసా ఇవ్వని రోజు

కళ్యాణదుర్గం బస్టాండు దాటి అనంతపురం రోడ్డు మీద కొంచెం నడిస్తే, ఎరువుల అంగడి పక్కన మల్లికార్జున బ్రాందీ షాపు ఉండేది. రాష్ట్రంలో మద్యనిషేధం ఎత్తేసిన మరుసటి ఏడు తెరిచారు దాన్ని. ఇనుప జాలీ వెనక నిలబడి సీసాలు అందించే పనికి మల్లికార్జున వెతికి వెతికి జిలాన్ బాషాని పెట్టుకున్నాడు. కారణం ఒక్కటే, బాషా తాగడు.

"తాగేవాణ్ణి సీసాల నడుమ నిలబెడితే నేను మూటాముల్లె సర్దుకోవల్సిందే" అనేవాడు మల్లికార్జున, నవ్వుతూ.

బాషా అంతకుముందు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. తాత, తండ్రి చేసిన పనే. వేరుశనగ పండిన ఏడు ఊళ్లలో పెళ్లిళ్లు జరుగుతాయి, పెళ్లిళ్లు జరిగితే పరుపులు కుట్టిస్తారు. వరుసగా వానలు మొహం చాటేసేసరికి పిలిచి పని చెప్పేవాళ్లు తగ్గారు. ఆ తగ్గిన పనిని టౌన్లోకి కొత్తగా వచ్చిన ఫోము పరుపులు తుడిచిపెట్టేశాయి. దూదేకే విల్లు అటక ఎక్కింది.

షాపులో చేరతానన్న రోజు భార్య గౌస్‌బీ అన్నం పెడుతూ పెడుతూ ఆగిపోయింది.

"ఏ పనైనా చెయ్యి, ఇదొద్దు."

"తాగేది నేను కాదు కదా."

"అమ్మేది నువ్వే కదా."

బాషా కలిపిన ముద్ద తిని లేచాడు. అయినా చేరాడు. ఇంటికి రాగానే బయట బాన దగ్గరే కాళ్లూ చేతులూ కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఆ తర్వాతే చిన్న కూతురు ఆరీఫాని ఎత్తుకునేవాడు. ఎవరూ అలా చెయ్యమనలేదు. తనకు తనే పెట్టుకున్నాడు.

షాపు ముందు ఒక రేకు బోర్డు వేలాడుతుండేది. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండని వారికి మద్యం అమ్మబడదు అని దాని మీద ఎర్ర రంగుతో రాసి ఉండేది. అలాంటి బోర్డు ప్రతి షాపు ముందూ ఉండేదే. పట్టించుకున్నవాళ్లు మాత్రం తక్కువ. బాషా పట్టించుకున్నాడు. తను చేస్తున్న పని మంచిది కాదన్న బాధ అతనికి లోపల ఉంది. అందులో కనీసం ఒక్క పద్ధతి ఉందని ఆ బోర్డు చెప్పింది. ఆ మాట పట్టుకుని అతను జాలీ వెనక నిలబడగలిగాడు.

వయసు ఎలా తెలుస్తుంది? చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది పిల్లలు బడి రికార్డుల్లో జూలై ఒకటినే పుట్టారు. తల్లినడిగితే పెద్ద కరువు ఏడు అనో, ఎర్రావు ఈనిన ఏడు అనో చెబుతుంది. బాషా మొహం చూసేవాడు, గొంతు వినేవాడు, ఆ తర్వాత అడిగేవాడు. చాలామంది కుర్రాళ్లు ఇరవై మూడు, ఇరవై అయిదు అని అబద్ధమాడేవాళ్లు. మరీ లేతగా ఉంటే పొమ్మనేవాడు. వాళ్లు వెళ్లి ఏ పెద్దమనిషినో పంపించి కొనిపించుకునేవాళ్లు. అది బాషాకి తెలుసు. జాలీ దాటిన సీసా ఎవరి నోట్లో పడుతుందో తను చూడబోనని మనసుకు చెప్పుకునేవాడు.

రెండు వేల సంవత్సరం ఎండాకాలంలో ఒక సాయంత్రం, బోరు వేసే లారీ ఒకటి రోడ్డు పక్కన ఆగింది. అందులోంచి దిగిన కుర్రాడు నేరుగా జాలీ దగ్గరికి వచ్చాడు. తల మీద, కనురెప్పల మీద తెల్లటి రాతిపిండి. వాడి పేరు ఓబులేష్, దగ్గర్లోని పల్లె వాడే. ఆ రోజు ఎవరి చేనులోనో లోతుగా బోరు దించితే పిండి తప్ప తడి తగల్లేదు. చేను ఆసామి రాడ్ల పక్కన కూలబడి ఏడ్చాడు. అది చూసి వచ్చాడు వాడు.

"బాషన్నా, ఒక క్వార్టరు."

"ఎన్నేండ్లు నీకు?"

"పంతొమ్మిది."

బాషా కొంచెం తడబడ్డాడు. ఇలా నిజం చెప్పినవాడు అంతకుముందు రాలేదు.

"పంతొమ్మిదికి ఇయ్యరప్పా. బోర్డు సూడు."

"సూసినా. నిరుడు ఓటేసినాన్నా. రాజ్యం ఎవురు ఏలల్లో చెప్పే తెలివి నాకు ఉండాదంట, ఒక క్వార్టరు తాగే తెలివి లేదంటనా?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఓబులేష్ నవ్వలేదు.

"బోరు బండి మీద రాడ్లు ఎత్తుతాండా. ఒక చెయ్యి నలిగితే అప్పుడు నా వయసు ఎవురన్నా అడుగుతారా? మా అమ్మను సాకేదానికి వచ్చిన వయసు, దీనికి రాలేదా?"

"నాతో వాదం ఏంటికిరా? బోర్డు నేను రాసినానా? గవర్మెంటోళ్లు రాసినారు."

"నువ్వేమనుకుంటాండావో అది చెప్పు."

ఆ మాట బాషాని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అతనూ ఆలోచించలేదు. వెనక జనం తోసుకుంటున్నారు, చేతులు జాలీ సందుల్లోంచి లోపలికి వస్తున్నాయి. ఎలాగైనా వాణ్ణి పంపించెయ్యాలని నోటికొచ్చింది అనేశాడు.

"మీ నాయన్ను పిల్చుకోని రాపో, ఇస్తా."

ఈసారి అందరూ గట్టిగా నవ్వారు. ఓబులేష్ ఒక్క క్షణం బాషా మొహంలోకి చూసి, లారీ వైపు వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లాక బాషా ఆ సంగతి గౌస్‌బీకి చెప్పాడు. "అంత వాదించినాడు, నేను ఇయ్యలేదు" అన్నాడు. ఆ షాపులో చేరిన తర్వాత మొదటిసారి ఆమె అతని పని గురించి ఒక మంచి మాట అంది. "మంచి పని చేసినావు, వాళ్లమ్మ నీకు దువా చేస్తాది" అంది. బాషా ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

ఒక రోజు ఆగి, టీ అంగడి దగ్గర సంగతి తెలిసింది. ఓబులేష్, లారీ మీద పనిచేసే ఇంకో ఇద్దరు కలిసి ఊరి చివర ఇటుకల బట్టీల వెనక్కి వెళ్లారు. అక్కడ ఒకడు దొంగచాటుగా ప్యాకెట్ సారా అమ్మేవాడు. దాని ధర తక్కువ, వయసు అడిగేవాళ్లు లేరు. ఆ సరుకులో ఎవరో స్పిరిటు కలిపారు. మిగతా ఇద్దరూ కొంచెమే తాగారు, వాంతులు చేసుకుని బయటపడ్డారు. కోపం మీద ఉన్న ఓబులేష్ ఎక్కువ తాగి అక్కడే పడుకున్నాడు. ఎండ చుర్రుమంటున్నా లేవకపోతే వాళ్లు తట్టి లేపారు. లేచి కూర్చుని కళ్లు నులుముకుని, "ఇంకా తెల్లారలేదేమిరా?" అని అడిగాడట.

వాణ్ణి అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

షాపులో మల్లికార్జున తల పట్టుకుని, "నువ్వు ఇచ్చింటే వాని కండ్లు వానికి ఉండేటివి బాషా. మనది సీలు పడిన సీసా కదప్పా" అన్నాడు. తిట్టాలని కాదు, నిజంగానే బాధపడి అన్నాడు. అటుగా వచ్చిన ఎక్సైజు కానిస్టేబులు, "నువ్వేం దిగులు పడొద్దు, రూలు ప్రకారం చేసినావు" అని భుజం తట్టాడు. ఆ రెండు మాటల్లో ఏది ఎక్కువ బరువుగా ఉందో బాషా తేల్చుకోలేకపోయాడు.

శుక్రవారం నమాజు అయ్యాక అరటిపళ్లు కొనుక్కుని అనంతపురం బస్సెక్కాడు. ఆసుపత్రి వరండాలో ఓబులేష్ తల్లి మారెక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బక్కపలచని మనిషి, చేతులు మాత్రం కూలిపనికి గట్టిపడి ఉన్నాయి. బాషా అరటిపళ్లు ఆమె పక్కన పెట్టాడు.

"మారెక్కా, నేను బ్రాందీ షాపు బాషాని. ఆ పొద్దు వానికి ఇయ్యనన్నది నేనే."

"తెల్సు. చెప్పినాడు."

"ఇచ్చింటే ఇట్ల..."

"ఇచ్చింటే మీ అంగడి ముందరికొచ్చి దుమ్మెత్తి పోసేదాన్ని." ఆమె గొంతు పెంచలేదు. "ఇయ్యకుండేది తప్పంటలేనప్పా. వాడు కోపం మీద పోతాంటే, యాడికి పోతాండావురా అని ఒక్కరన్నా అడిగింటే సాలు. అంతమంది ఉండారంట కదా ఆడ. అందరూ నగినారంట."

బాషా తల వంచుకుని లోపలికి వెళ్లాడు. ఓబులేష్ కళ్లు తెరిచే పడుకుని ఉన్నాడు. బాషా పలకరించగానే గొంతు గుర్తుపట్టి, "బాషన్నా" అన్నాడు. తల అటు తిప్పి, "నాయన్ను పిల్చుకోని రమ్మంటివి. ఆయప్ప బావి తవ్వేకాడ మట్టి కూలి సచ్చిపాయ, నేను సిన్నగున్నప్పుడే" అన్నాడు.

తిరుగు బస్సులో బాషా కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికి చూస్తూనే ఉన్నాడు. తను పాటించిన రూలు తప్పా అని ఆలోచించాడు. తప్పనిపించలేదు. అయితే తను చేసింది సరైనదా అంటే అదీ అనిపించలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో అతనికి అర్థం కాలేదు.

మర్నాటి నుంచి అతని పద్ధతి కొంచెం మారింది. చిన్నవాళ్లకు సీసా ఇవ్వడం అప్పుడూ మొదలుపెట్టలేదు. కానీ ఎవడైనా కుర్రాడు వచ్చి అడిగితే, జాలీ తలుపు తీసుకుని తనే బయటికి వచ్చేవాడు. "యాడ పని? యాడికి పోతాండావు? ఎవురితో వచ్చినావు?" అని అడిగేవాడు. పక్కనే ఉన్న టీ అంగడిలో కూర్చోబెట్టేవాడు. పల్లెకు పోయే షేర్ ఆటో దాకా వెంట నడిచేవాడు. ఈలోగా జాలీ ముందు జనం అరుస్తూ ఉండేవాళ్లు.

"ఏమప్పా, నీకు జీతం నేనిస్తాండానా, వాళ్ల అమ్మానాయన ఇస్తాండారా?" అని మల్లికార్జున ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు. తర్వాత వదిలేశాడు. ఆసుపత్రి కబురు విన్న రోజు తనే తల పట్టుకున్నాడు కదా.

అందరూ వినలేదు. ఒకడు చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకడు, "నువ్వు సాయిబువు, నీకెట్ల తెలుస్తాది లే" అని వెళ్లిపోయాడు. టీ తాగి, తల ఊపి, మలుపు తిరగ్గానే ఇటుకల బట్టీల వైపు పోయినవాళ్లూ ఉన్నారు. ఎంతమందిని ఆపాడో బాషాకి ఎప్పటికీ తెలియలేదు.

ఓబులేష్‌కి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. వెలుగూ నీడా తెలిసేవి, ఎదురుగా మనిషి ఉన్నాడని తెలిసేది, మొహం తెలిసేది కాదు. వికలాంగులకు టెలిఫోను బూతులు ఇస్తారని ఎవరో చెబితే బాషా వాణ్ణి చెయ్యిపట్టుకుని ఆఫీసుల చుట్టూ తిప్పాడు. తిరగ్గా తిరగ్గా బస్టాండులో ఒక చిన్న పసుపు రంగు బూతు వచ్చింది. ఓబులేష్ వేళ్లతో తడిమి అంకెలు నొక్కడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నం షాపులో రద్దీ లేనప్పుడు బాషా టిఫిన్ డబ్బా పట్టుకుని బూతుకు వచ్చేవాడు. మొదట్లో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. తర్వాత తర్వాత మాటలు కలిశాయి, ఆపైన వాదాలు మొదలయ్యాయి. ఓబులేష్‌లో ఆ రోజు జాలీ ముందు వాదించిన మనిషి అలాగే ఉన్నాడు.

నాలుగేళ్లు గడిచాయి. మద్యం కొనే వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దించాలనే మాట ఎక్కడ పుట్టిందో గానీ కళ్యాణదుర్గం టీ అంగళ్ల దాకా వచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో పద్దెనిమిదేనట అని ఒకరు, పిల్లలు పాడైపోతారని ఇంకొకరు. కాలేజీలో చరిత్ర చెప్పే ఉమాదేవి అనే లెక్చరర్ దీని మీద ఒక చర్చ పెట్టింది. విద్యార్థులతో పాటు ఊళ్లోవాళ్లనీ రమ్మంది. ఓబులేష్ కథ ఆమెకు తెలుసు. వయసు తగ్గించకూడదని వాడి చేత చెప్పిస్తే పిల్లల మనసుకు ఎక్కుతుందని అనుకుంది. బూతుకు వచ్చి పిలిచింది. ఓబులేష్ సరేనన్నాడు. బాషానీ, మారెక్కనీ వెంటబెట్టుకుని వెళ్లాడు.

హాలు నిండింది. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన క్రమశిక్షణ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఒక విద్యార్థి ఓటు హక్కు గురించి మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాడు. తర్వాత ఓబులేష్‌ని మైకు దగ్గరికి నడిపించారు.

"పద్దెనిమిదికే ఇయ్యల్ల" అన్నాడు వాడు.

ఉమాదేవి ఉలిక్కిపడి చూసింది. హాలంతా గుసగుసలు లేచాయి.

"నన్ను సూపించి తాగొద్దని చెప్దామనుకున్నారు మీరు. తాగొద్దనే నేనూ చెప్తా. అది వేరే మాట. ఈడ మీరు అడుగుతాండేది వయసు సంగతి. నేను తాగల్లనే పోయినా ఆ పొద్దు. ఇయ్యనంటే ఆ ఆశ యాడికీ పోలేదు, నేను ఇంకో అంగడికి పోయినా. ఆ అంగడికి బోర్డు లేదు, దీపం లేదు, సీలు లేదు. పదిమంది సూస్తాండే రోడ్డు మీద తాగింటే ఎవడో ఒకడు సాలు లేరా అనుండేవాడు. మీరు నన్ను వెలుతుర్లోంచి తరిమినారు, అంతే."

ఉమాదేవి బాషా వైపు తిరిగి, "మీరేమంటారు?" అని అడిగింది.

బాషా లేచి నిలబడ్డాడు. మైకు దగ్గరికి రాలేదు.

"ఆ పొద్దు ఓబులేషు నన్నిదే అడిగినాడు మేడమ్, నువ్వేమనుకుంటాండావని. అప్పుడు చెప్పలేకపోయినా. ఆ జాలీ ఎనకాల నిలబడి ఇన్నేండ్లు సూసింది చెప్తా. ఇరవై ఒకటంటే పద్దెనిమిదోళ్లు వచ్చి నిలబడతాండారు. పద్దెనిమిది చేస్తే పదైదేండ్లోళ్లు వస్తారు. గీత యాడ గీసినా, పిల్లోళ్లు దానికి ఇవతలే నిలబడుకోని తొంగి సూస్తాంటారు. ఇటుకల బట్టీలు ఆ పదైదేండ్లోళ్లకు గూడా ఉంటాయి కదా." కొంచెం ఆగాడు. "ఇంగోటి. ఓబులేషుకు అయింది మనకు కనపడతాది. ఇయ్యనంటే గమ్మున ఇంటికి పోయినోళ్లు ఎంతమందో! వాళ్లకేమీ కాలేదు కాబట్టి వాళ్లు ఈ సభకు రారు."

"నాకైనట్ల ఇంగెంతమందికైందో అదీ నీకు తెల్దు" అన్నాడు ఓబులేష్, గొంతు వచ్చిన వైపు తిరిగి.

"తెల్దు" అని ఒప్పుకున్నాడు బాషా.

అప్పుడు వెనక బెంచీ మీద నుంచి మారెక్క లేచింది. ఎవరూ పిలవలేదు ఆమెను.

"ఎన్నేండ్లని నన్నడగొద్దండి. నా కొడుక్కి నలబై వచ్చినా నేను ఇయ్యమనేదాన్ని కాదు" అంది. పైట చెంగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "వాడు తాగినాక ఇంటికి రాకుండా ఆ బట్టీ కాడనే ఏంటికి పండుకున్నాడో తెల్సునా? నేను కొడతానని. అంతకుముందు ఒగసారి వాసన వస్తే పొరక్కట్టతో కొట్టి, బయట పండుకోమన్నా. ఇంటికి వచ్చింటే వాని తీరు సూసి ఆ పొద్దే ఆసుపత్రికి ఎత్తకపోయేదాన్ని. డాక్టరు సారు అడిగినాడు, ఇంత ఆలిస్యం ఏంటికైందమ్మా అని." అంత చెప్పి కూర్చుంది.

ఓబులేష్ ఆ మాట ఎప్పుడూ వినలేదు. డాక్టరు అలా అడిగాడని ఆమె వాడికి ఇన్నేళ్లూ చెప్పలేదు. గోడ తడుముకుంటూ వెనక బెంచీ దాకా వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. బాషా అటు పక్కన కూర్చున్నాడు.

చివర్లో ఉమాదేవి చేతులెత్తమంది. తగ్గించాలనే వాళ్లు ముందు ఎత్తారు, వద్దనేవాళ్లు తర్వాత ఎత్తారు.

"యాడ ఎక్కువ లేసినాయన్నా?" అని అడిగాడు ఓబులేష్ మెల్లగా.

"వద్దనేవాళ్లే ఎక్కువ."

"నువ్వూ ఎత్తినావా?"

"లేదు."

"ఏంటికి? గెలిసేదానికి భయమా?"

"ఎత్తబుద్ధి కాలేదురా" అన్నాడు బాషా. మారెక్క ఇద్దరి మధ్యలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

ఆ సభ వల్ల ఏమీ జరగలేదు. టీ అంగళ్లలో ఆ మాట కొన్నాళ్లు నలిగి, ఎన్నికల గోలలో మరుగున పడిపోయింది. వయసు ఇరవై ఒకటిగానే ఉంది. ఇటుకల బట్టీల వెనక వ్యాపారం మీద పోలీసులు ఒకసారి దాడి చేశారు. అది ఇంకో వైపుకు మారింది. ఉమాదేవి మాత్రం మరుసటి ఏడు చర్చ పెట్టలేదు. బదులుగా, సారా తాగి కళ్లు మసకబారితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని, ఇంట్లో తిడతారన్న భయంతో దాచవద్దని, తన తరగతి పిల్లలకు ఏటా చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాట చెప్పేటప్పుడు మారెక్కని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకునేది.

ఇంకో రెండేళ్లకు షాపు మల్లికార్జున చెయ్యి జారి వేరేవాళ్లకు పోయింది. కొత్త యజమాని వేరే మనుషుల్ని పెట్టుకున్నాడు. బాషాని ఉండమని అడగలేదు, బాషా ఉంటానని అనలేదు. టెంట్ హౌసు ఒకదాంట్లో పనికి కుదిరాడు. పెళ్లిళ్లకు షామియానాలు, పరుపులు, దిండ్లు అద్దెకిచ్చే చోటు అది. చిరిగిన పరుపులు కుట్టే పని అతని చేతికే వచ్చింది.

సెల్‌ఫోన్లు వచ్చి ఓబులేష్ బూతును ఖాళీ చేశాయి. వాడు గంగాదేవి అనే అమ్మాయిని పెళ్లి చేసుకుని, అదే బూతులో రీచార్జి కార్డులు, సోడాలు, బీడీలు పెట్టాడు. కార్డు మీద అంకెలు ఆమె చదివేది, మాటలు వాడు చెప్పేవాడు. ఎప్పుడు చూసినా నలుగురు కుర్రాళ్లు అక్కడ మూగి ఉండేవాళ్లు. వాళ్లలో ఎవడైనా తాగి వస్తే ఓబులేష్ వాసన పట్టేవాడు. పొమ్మనేవాడు కాదు. స్టూలు మీద కూర్చోబెట్టి, ఎక్కడ తాగావు, ఏం తాగావు అని అడిగేవాడు.

రెండు వేల ఏడులో వానలు దంచి కొట్టాయి. ఎండిపోయిన చెరువులు అలుగు పారాయి. ఊళ్లలో వాయిదా పడిన పెళ్లిళ్లన్నీ వరుసగా పెట్టుకున్నారు. బాషాకి క్షణం తీరిక లేదు. ఒక పెళ్లి పందిరి విప్పకముందే ఇంకో ఊరికి లారీ ఎక్కాల్సి వచ్చేది. చాన్నాళ్లు బస్టాండు వైపు పోలేకపోయాడు. ఒక పొద్దున షామియానా గుంజలు లెక్కపెట్టుకుంటుంటే, గంగాదేవి సోడా సీసాల బుట్ట చంకన పెట్టుకుని టెంట్ హౌసు దగ్గరికి వచ్చింది.

"బాషన్నా, మీ తమ్ముడు చెప్పి రమ్మన్నాడు. వాదం సగంలో ఉండాదంట, యా పొద్దుకు వస్తావని అడుగుతాండాడు."

బాషా చేతిలో గుంజ కింద పెట్టి, "రేపు వస్తానని చెప్పు" అన్నాడు. "ఈ దఫా నేనే గెలుస్తానని గూడా చెప్పు."